వేపచెట్టుకు నాడి చూసేవారేరీ?

2021వ సంవత్సరం దసరా వెళ్ళిన వారంలో, నా వద్ద చికిత్స పొందుతున్న ఒక పెద్దమ్మ చిన్నబోయిన ముఖంతో వచ్చి కూర్చున్నది. ఆమెకు చర్మం దురద. వేపాకు కాచిన నీటితో స్నానం చేయమని అంతకు రెండు నెలల క్రితం నేనే చెప్పి ఉన్నాను. "ఇక ఆ స్నానం నాతోని కాదు డాక్టరు గారూ, మా అపార్టుమెంటు ముంగటి యాపచెట్టు సచ్చిపోయింది. కొట్టిపిచ్చెయ్యాలని అందరు తీర్మానం చేసిన్రు" అన్నది. కరీంనగరు జిల్లా పల్లెలో పుట్టి, కొడుకు ఉద్యోగరీత్యా కొండాపూరు చేరిన ఆమెకు ఈ నగరంలో పుట్టినూరి చుట్టం వంటిది ఆ చెట్టు ఒక్కటే. దురద సంగతి అడిగితే చెట్టు సంగతి చెప్పింది. చెట్టు సంగతి అడిగితే కళ్ళు తుడుచుకున్నది.

మరునాడు ఉదయం నేను ఆ చెట్టును చూడబోయాను. ఆయుర్వేద వైద్యునికి అక్కడేమి పని అని పాఠకులు అనుకోవచ్చును. మూలికలన్నీ చెట్ల నుండియే తీసుకుంటూ, చెట్టుకు జబ్బు చేసినప్పుడు తలుపు వేసుకొని కూర్చోవడం నాకు సిగ్గనిపించింది. ఆనాడు మొదలైన పరిశీలన వలన నాకు కలిగిన అభిప్రాయములను ఇక్కడ మనవి చేస్తున్నాను. వీటిలో కొన్ని మన వైద్య సోదరులకే రుచించకపోవచ్చును.

చెట్టు పెద్దది. మూడంతస్తుల ఎత్తు. ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందని మొదలు. దాని వయసు ఎవరికీ తెలియదు గాని, మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించే నాటికే అది నిలువెత్తు మానుగా ఉండి ఉండాలి. అప్పటికి ఈ ప్రాంతమంతా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మెట్ట చేలు. పొలం గట్టున ఎవరో నాటిన వేప, చింత, రావి చెట్లలో బండి దారికి, పునాదికి అడ్డురానివి కొన్ని మిగిలి, ఈనాడు అద్దాల మేడల నడుమ నిలబడి ఉన్నవి. ఇవి ఉద్యానవనశాఖ వారు పెంచిన మొక్కలు కావు, పల్లె వదిలి వెళ్ళిన ఆస్తి.

ఆ రోజు చూసిన దృశ్యం నిజంగానే భయపెట్టేది. చిటారు కొమ్మల నుండి కిందికి సగం చెట్టు నిప్పు సెగ తగిలినట్లు గోధుమరంగుకు మాడిపోయి ఉన్నది. ఎండిన ఆకు రాలక రెమ్మలకే వేలాడుతున్నది. చూసినవారెవరైనా చచ్చిపోయిందనే అంటారు. కాని ఇంటికి వెళ్ళే దారిలో గచ్చిబౌలి వరకు నేను లెక్కపెట్టినంతలో వేపచెట్లన్నిటికీ ఎంతో కొంత అదే మాడు. పక్కనున్న కానుగకు లేదు, రావికి లేదు. ఒక్క వేపకే. ఒక వాడలో ఒకే వయసు పిల్లలందరికీ ఒకే రకం పొక్కులు వస్తే వైద్యుడు ఏమనుకుంటాడో నేనూ అదే అనుకున్నాను.

మాధవ నిదానం చదువుకున్న ప్రతి విద్యార్థికి నిదాన పంచకం కంఠస్థం. రోగకారణం, ముందు వచ్చే సూచనలు, పూర్తిగా బయటపడిన లక్షణాలు, ఏది చేస్తే ఉపశమిస్తుందో చూచే ఉపశయం, రోగం శరీరంలో నడిచిన దారి అయిన సంప్రాప్తి. ఈ ఐదూ తేల్చకుండా మందు ఇచ్చేవాడిని మనం వైద్యుడని పిలువము. మరి చెట్టు విషయంలో మాత్రం, ఆకు ఎండగానే గొడ్డలి గాని మందు డబ్బా గాని పట్టుకొని రావడం ఏమి న్యాయము?

మొదట నేను చేసిన పని చాలా సామాన్యమైనది. చేతికందే ఎండు రెమ్మ బెరడును గోటితో గీకి చూశాను. లోపల గోధుమరంగు, పొడి. జానెడు కిందికి వచ్చి చాకుతో గీకాను. అక్కడ కూడా పొడి. మరో మూర కిందికి వచ్చి గీకితే, తడి తడిగా లేత పచ్చని పొర కనబడింది. చెట్టుకు నాడి అనేది ఉంటే అది అక్కడే. బెరడుకూ కలపకూ నడుమ నుండే ఆ పలుచని పొర పచ్చగా ఉన్నంతవరకు ఆ కొమ్మ బ్రతికియున్నట్లే. చెట్టుకు నలుదిక్కుల గీకి చూడగా బొటనవేలి లావు మించిన కొమ్మలన్నీ సజీవంగానే ఉన్నవి. చచ్చినవి చివర్లు. చెట్టు చావలేదు.

ఇది తెలంగాణ అంతటా వేపకు వచ్చిన డైబ్యాక్ తెగులు. చివరి నుండి వెనుకకు ఎండుతూ వచ్చే జబ్బు గనుక ఆ పేరు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం దీనికి కారణము. దేశంలో ఇది 1990 దశకంలోనే డెహ్రాడూను ప్రాంతంలో కనబడింది. మైసూరు శాస్త్రజ్ఞులు 1997లో ఈ శిలీంధ్రాన్ని కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టారు. అంటే మన పత్రికలు 2021లో వింత రోగమని వ్రాసినది అప్పటికే పాతికేళ్ళ చరిత్ర గలది. మన ప్రాంతంలో 2019 ప్రాంతంలో కనబడి, 2021 వానలలో ఊరూరా వ్యాపించింది.

అయితే శిలీంధ్రం ఒంటరిగా రాదు. జీడిమామిడి, జామ రైతులకు బాగా తెలిసిన తేయాకు దోమ అనే పురుగు ఒకటి ఉన్నది. పేరుకు దోమ గాని అది నల్లి జాతికి చెందిన కీటకము. సూది వంటి నోటితో లేత రెమ్మను గుచ్చి రసం పీల్చుతుంది. పీల్చేటప్పుడు దాని లాలాజలం విషమై ఆ చోటు మాడుతుంది. ఆ గాయమే శిలీంధ్రానికి తలుపు. వాన చినుకు చిందినప్పుడు బీజాలు రెమ్మ నుండి రెమ్మకు పోతవి. విత్తనం ద్వారా కూడా తెగులు తరువాతి తరానికి సంక్రమిస్తుంది. వానాకాలంలో మొదలై, వానలు వెనుకబట్టేనాటికి ముదిరి, చలికాలం తొలి రోజులలో చెట్టును మోడులా చేసి చూపిస్తుంది. సర్వరోగనివారిణికి శిలీంధ్రం సోకుటేమిటని నన్ను చాలామంది అడిగారు. వైద్యునికి జ్వరం రాదా? చేదు అనేది ఒక కవచం, అన్ని అమ్ములకూ అడ్డం కాదు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. కాని ఆ చెట్టు మొదట్లో నేను చూసినది వేరే జబ్బు. రెండేళ్ళ క్రితం కారు నిలిపే చోటు కొరకు మొదలు చుట్టూ కాండాన్ని ఒరుసుకునేటట్లు సిమెంటు పోసి, పైన రంగు పలకలు పరిచారు. అంతకు ముందు రోడ్డు వైపున కేబుళ్ళ కొరకు మూడడుగుల లోతు కందకం త్రవ్వి పూడ్చారు. కాండానికి దీపాల తీగలు బిగించిన మేకులు నేను లెక్కించినవి పదిహేడు. చెట్టు వేళ్ళు కొమ్మలంత లోతుకు పోతవని మనం అనుకుంటాము, అది పొరపాటు. నీరూ ఆహారమూ పీల్చే సన్నని వేళ్ళలో అధిక భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడను దాటి పక్కలకు పాకుతవి. వాటికి నీటితో పాటు గాలి కూడా కావలెను. సిమెంటు పోయడమంటే నిద్రిస్తున్నవాని ముక్కు మీద దిండు పెట్టడమే. కందకం త్రవ్వడమంటే ఒక పక్క వేళ్ళను సాంతం నరకడమే.

ఈ చెట్టుకు రోడ్డు వైపు కొమ్మలు మిగతా వైపుల కంటే రెట్టింపు ఎండి ఉండడానికి కారణం అదే. శిలీంధ్రం నలుదిక్కులా సమానంగా మాడ్చింది. కందకం ఒక్క దిక్కునే మాడ్చింది. ఈ తేడా కనిపెట్టక, మొత్తం నేరాన్ని తెగులు మీదికి నెట్టివేయడం ఐటీ వాడలలో చాలా సౌకర్యమైన పని. తెగులు మీద కేసు పెట్టనక్కరలేదు గదా! నా అభిప్రాయంలో సైబరాబాదు ప్రాంతంలోని పెద్ద చెట్లలో ఎక్కువ వాటికి అసలు రోగం పాదులో ఉన్నది. బలం తగ్గిన దేహానికి వచ్చే అంటువ్యాధి వంటిది పైన కనబడే తెగులు. చెట్ల మొదళ్ళ చుట్టూ కనీసం ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో ఉత్తరువు ఇచ్చింది. ఆ మీటరు మన వీధిలో ఎక్కడైనా కనబడుతున్నదేమో పాఠకులు సాయంకాలం నడకలో చూచుకొనవచ్చును.

రోగం వేరు, రోగి రూపం వేరు అనడానికి ఇంకొక చెట్టు సంగతి చెప్పవలెను. అదే వీధి మలుపులో ఒక తురాయి ఉండేది. నిండా పచ్చగా ఉండి, వేసవిలో ఎర్రగా విరగబూసేది. దాని క్రింద నిలబడి పిల్లలు ఫోటోలు దిగేవారు. దాని మొదట్లో నేలను ఆనుకొని చెక్కతట్ట వంటి గట్టి పుట్టగొడుగు ఒకటి, అంచు తెల్లగా, పైన లక్క పూసినట్లు మెరుస్తూ కనిపించింది. కొబ్బరి రైతులు భయపడే గానోడెర్మా కుటుంబపుది. కాండాన్ని కర్ర సుత్తితో తట్టి చూస్తే డోలు మోగినట్లు మోగింది. ఈ చెట్టు వేళ్ళు కుళ్ళిపోయినవి, దీనిని తీసివేయించండి అని నేను చెప్పితే నవ్వారు. పూలు పూసే చెట్టును కొట్టమంటావా, నీవేమి వైద్యుడివి అన్నారు. మరుసటి వేసవి ఈదురుగాలికి ఆ తురాయి వేళ్ళతో సహా ఒరిగిపోయింది. అదృష్టవశాత్తు ఆ సమయంలో కింద ఎవరూ లేరు. బ్రతకగల వేపను కొట్టడానికి తీర్మానం, కూలబోయే తురాయికి ముద్దు! కంటికి కనబడే ఆకును బట్టి తీర్పు చెప్పితే ఇట్లే ఉంటుంది.

ఇక మన ప్రాచీనుల మాట. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఉన్నది. చలి, గాలి, ఎండల వలన చెట్టుకు రోగం వస్తుందనీ, ఆకు పాలిపోవడం, చిగుళ్ళు ఎదగకపోవడం, కొమ్మలు ఎండడం, రసం కారడం దాని గుర్తులనీ ఆయన చెప్పాడు. కొమ్మలు ఎండడానికి ఆయన వాడిన శాఖాశోషం అనే మాట కంటే డైబ్యాక్‌కు మంచి పేరు నాకు దొరకలేదు. చికిత్సగా మొదట శస్త్రంతో చెడు భాగాన్ని తొలగించి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయమన్నాడు. ఆ తరువాత సురపాలుడు వృక్షాయుర్వేదమనే ప్రత్యేక గ్రంథమే వ్రాసి, చెట్ల జబ్బులను మనుషుల జబ్బులవలె వాత పిత్త కఫములుగా విభజించాడు. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఆ తాళపత్ర కాలపు విద్యను నళినీ సాధలే గారు ఆంగ్లంలోకి అనువదించగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. మన జంట నగరాలలోనే జరిగిన ఈ సత్కార్యం మనలో ఎందరికి తెలుసును?

అయినా ఒక మాట నిర్మొగమాటంగా చెప్పవలెను. పూర్వులు వ్రాశారు గనుక అక్షరాలా అంతా పనిచేస్తుందని చాటడం వారికి గౌరవం కాదు. సురపాలుని గ్రంథంలో పూల రంగు మార్చే చిట్కాలు కూడా ఉన్నవి. వాటిని ఎవరూ పరీక్షకు పెట్టరు. కుణపజలం గురించి ఉపన్యాసాలిచ్చే శాకాహార మిత్రులు, మూలంలో దానిని పంది మాంసము, కొవ్వు, మజ్జలతో కాచి పులియబెట్టమన్నారని చెప్పడం మరచిపోతారు. నాకు గ్రాహ్యమైనది వారి ద్రవ్యముల పట్టిక కన్న వారి క్రమము. ముందు లక్షణం చూడుము, కారణం విడదీయుము, చెడును శస్త్రంతో తొలగించుము, పిదప పోషణ ఇమ్ము. ఈ క్రమంలో తప్పు పట్టగల ఆధునిక శాస్త్రజ్ఞుడు లేడు.

పూత విషయంలో మాత్రం కొత్త విద్య పాతదానిని సవరించింది. అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేల చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1970లలో ఒక విషయం తేల్చాడు. మన చర్మం వలె చెట్టు గాయాన్ని మాన్పుకోదు. గాయం చుట్టూ గోడలు కట్టి దానిని లోపలే బంధించి, పైన కొత్త కలపను పెంచుకుంటుంది. కాబట్టి కోత ఎక్కడ పడిందన్నదే ప్రధానం. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా మెడపట్టీ వంటి వలయం ఒకటి ఉంటుంది. దానికి కొంచెం బయటగా కోస్తే చెట్టు తానే మూసుకుంటుంది. కాండానికి సమంగా నున్నగా కోస్తే ఆ వలయం పోయి కుళ్ళు లోపలికి దిగుతుంది. మోడు వదిలితే ఆ మోడే కుళ్ళుకు వంతెన. ఇది సరిగా చేసిన తరువాత పైన తోటల రైతులు వాడే బోర్డో పేస్టు పూశారా, పేడ మట్టి పూశారా, ఏమీ పూయలేదా అన్నది రెండవ మాట. తప్పు కోతకు ఏ లేపనమూ ప్రాయశ్చిత్తం కాదు. మన వీధులలో విద్యుత్తు తీగల కోసం కొమ్మలను ఎట్లా చీల్చివేస్తారో తలచుకుంటే నాకు ఈ మాట మరీ మరీ చెప్పాలనిపిస్తుంది.

ఈ సందర్భంలో పిల్లలమర్రి సంగతి తప్పక వస్తుంది. మహబూబ్‌నగరు దగ్గరి ఆ మర్రి సుమారు ఏడు వందల ఏళ్ళదని ప్రతీతి. చెదలు పట్టి కొమ్మలు విరుగుతుండగా 2017 డిసెంబరులో సందర్శకులను ఆపివేశారు. 2018లో అటవీ అధికారులు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లు, పలుచన చేసిన క్లోర్‌పైరిఫాస్ మందును సీసాల ద్వారా చుక్కచుక్కగా కాండంలోకి ఎక్కించారు. మొదట సూది మందువలె ఎక్కిస్తే రంధ్రాల గుండా బయటికి కారిపోయింది గనుక, నెమ్మదిగా చుక్కలుగా ఎక్కించే ఉపాయం చేశారు. ఆ ఫోటోలు దేశదేశాల పత్రికలలో పడినవి. కాని వారు చేసినది అంతమాత్రమే కాదు. వేళ్ళకు మందునీరు పోశారు. బరువైన కొమ్మలకు కింద ఊతలు కట్టారు. జనం తొక్కిడి లేకుండా కాపాడారు. ఫోటోలో పడినది సీసా మాత్రమే.

ఆ సీసా ఫోటో ఎంత పని చేసిందో మా కొండాపూరులో నేను చూశాను. వేపచెట్టు తీర్మానం సంగతి తెలిసి ఎవరో ఒక ఆసామి వచ్చి, పిల్లలమర్రి వైద్యమే చేస్తానని నమ్మబలికి, కాండానికి చుట్టూ తొమ్మిది రంధ్రాలు తొలిచి, సీసాలు వేలాడదీసి, డబ్బు తీసుకొని వెళ్ళాడు. సీసాలో ఏమున్నదో ఎవరికీ చెప్పలేదు. మర్రికి వచ్చినది చెదలు, మన వేపకు వచ్చినది రెమ్మల తెగులు. ఒకరి కంటి చుక్కల మందు ఇంకొకరి చెవిలో పోసినట్లున్నది. నేను వెళ్ళేసరికి తొమ్మిది రంధ్రాల నుండి జిగురు కారుతున్నది. చెట్టుకు ప్రతి రంధ్రమూ ఒక గాయమే, పైన చెప్పినట్లు అది ఎన్నటికీ మానదు, లోపల మూతపడుతుంది అంతే. రోగమేదో తేల్చకుండా పెద్ద చెట్టుకు తొలుపు పెట్టనీయకూడదని నా నిశ్చితాభిప్రాయము.

రసాయన మందుల సంగతికి వస్తాను. రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ తెగులుకు కార్బెండాజిమ్ వంటి శిలీంధ్రనాశినులను, పురుగుకు కీటకనాశినులను నిర్ణీత వ్యవధులలో వాడమని సూచించారు. శాస్త్రీయంగా ఆ సూచనలో తప్పులేదు. నర్సరీలోని లేత మొక్కలకు, కొత్తగా నాటిన చిన్న చెట్లకు దానిని పాటించవలసినదే. లేతమొక్క తట్టుకోలేదు. కాని మూడంతస్తుల చెట్టు చిటారుకు, చుట్టూ నలభై వాటాల కిటికీలు ఉన్నచోట, కీటకనాశినిని పిచికారీ చేయడమంటే చెట్టుకు పడినదానికంటే పసిపిల్లల ఊపిరికి ఎక్కువ పడుతుంది. పైగా పెద్ద చెట్లు చాలావరకు తెగులు తాకిడి తగ్గగానే తామే చిగురిస్తవి. అందుచేత నివాసాల మధ్య ముదురు చెట్టుకు మందు పిచికారీ వద్దంటాను. ఇది రసాయనాల మీద ద్వేషంతో అంటున్న మాట కాదు, రోగి బలాబలాలు చూసి అంటున్న మాట.

ఇక్కడే మన పత్రిక పాఠకులు మరీ జాగ్రత్తపడవలసిన విషయం ఒకటున్నది. కార్బెండాజిమ్ పైపైన ఉండి వానకు కడుక్కుపోయే మందు కాదు, మొక్క లోనికి ఇంకి వ్యాపించే గుణం గలది. మనం వేపను వంటింటికి తెచ్చుకునే జాతి. ఉగాది పచ్చడికి పువ్వు, చారులోకి ఎండబెట్టిన పువ్వు, పండ్లకు పుల్ల, స్నానానికి ఆకు, బాలింతకు పొగ. ఈ మందులు కొట్టినవారు తినే పంట మీద కొట్టినట్లు గడువు పాటించరు, అది చెట్టే గదా అని. మీ వీధి వేపకు మందు కొట్టారని తెలిస్తే ఆ ఏడాది దాని పువ్వు గాని, చిగురు గాని, పుల్ల గాని నోట పెట్టకండి. కొట్టారో లేదో తెలియని రోడ్డు పక్క చెట్టు నుండి అసలే వద్దు. బుట్టలో పోసి అమ్మే పువ్వును ఎక్కడిదని అడగండి. నా పెద్దమ్మకు కూడా ఆ ఏడు వేపాకు స్నానం మాన్పించి, కానుగ నూనె పూతకు మార్చాను. ఎందుకంటే ఆ తొమ్మిది సీసాలలో ఏమి పోశాడో నాకు తెలియదు.

చెట్టుకు మేము చేసిన చికిత్స చెప్పుకోవడానికి చాలా సాదా. తీర్మానాన్ని ఉగాది వరకు వాయిదా వేయమని సంఘం వారిని వేడుకున్నాను. అధ్యక్షుల వారు సజ్జనులు గాని, చెట్టు పోతే రెండు కార్లకు చోటు వస్తుందన్న లెక్క అప్పటికే చాలామంది మనసులో ఉన్నది. చివరకు నలుగురు రిటైరైన పెద్దలు, ఇద్దరు కంప్యూటరు ఉద్యోగపు కుర్రవాళ్ళు నా పక్షాన నిలిచారు. మొదలు చుట్టూ ఆరడుగుల మేర సిమెంటు పగలగొట్టించాము. గునపం వేళ్ళకు తగలకుండా పై మట్టిని చేతి పారతోనే గుల్ల చేయించి, మాగిన ఆకు ఎరువు, కొంత వేపపిండి చల్లి, పైన దాని ఎండుటాకునే కప్పాము. కప్పిన ఆకు కాండాన్ని తాకకుండా జానెడు ఎడం ఉంచాము. మేకులు పీకించాము. వానలు పూర్తిగా వెనుకబట్టి గాలి పొడిబారిన తరువాత, నిచ్చెనకు అందినంత మేర ఎండు రెమ్మలను పచ్చని భాగం దాకా కోయించి, ఊరి బయట తగులబెట్టించాము. తడి రోజులలో కోస్తే కోసిన గాయమే తెగులుకు ద్వారమవుతుంది. పనివాని రంపాన్ని ఒక చెట్టు నుండి ఇంకొక చెట్టుకు పోయేముందు స్పిరిటుతో తుడిపించాము. మొదట నవ్వినా తరువాత అతడే అడిగి తుడుచుకున్నాడు. మాఘం నుండి పది రోజులకొకసారి కొమ్మల నీడ అంచున రాత్రంతా సన్నని ధారగా నీరు వదిలాము. మొదట్లో పోసిన నీరు చెట్టుకు అందదు.

సిమెంటు తీసిన తరువాత మెరుగుపడితే రోగం పాదులోనిదని తేలుతుంది. అదే ఉపశయం. 2022 ఫిబ్రవరి చివర మొదటి రాగిచిగురు కనబడింది. ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. ఆ నాటికి చెట్టు ముప్పాతిక వంతు పచ్చబడింది. రోడ్డు వైపు పెద్దకొమ్మ ఒకటి మాత్రం చిగురించలేదు. కందకం తిన్న వేళ్ళు తిరిగి రాలేదు. ఆ కొమ్మను వృత్తి తెలిసిన వానిచేత మూడు ముక్కలుగా దింపించాము. చెట్టు పూర్తిగా బాగుపడిందని నేను చెప్పను. ఆ వానాకాలం మళ్ళీ రెమ్మలు మాడినవి, మొదటిసారి కంటే తక్కువగా. వేప ఈ తెగులుతో కలిసి బ్రతకడం నేర్చుకోవలసి ఉన్నదని, మనిషి మధుమేహంతో బ్రతికినట్లేనని నాకు తోస్తున్నది.

ఇక నా అసలు విన్నపము. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదంటున్నది. బాగున్నది. కాని అనుమతి అడిగేవారు వ్రాసే మొట్టమొదటి కారణం "చెట్టు ఎండిపోయినది". ఆ మాట నిజమో కాదో తేల్చడానికి బెరడు గీకి చూచే నిబంధన ఒకటి కావలెను. నా కోరిక ఇంతే: ఎండిందన్న కారణం మీద ఏ వేపచెట్టునూ భాద్రపదం నుండి ఉగాది వరకు కొట్టనీయకూడదు. ఒక ఉగాది దాటనివ్వాలి. అప్పటికీ చిగురించని దానిని, లేదా వేరు కుళ్ళి కూలే ప్రమాదం ఉన్నదని తెలిసినవాడు వ్రాసి ఇచ్చిన దానిని, తప్పక తీసివేయవలసినదే. ప్రాణాపాయం ఉన్నచోట చెట్టు మీది ప్రేమతో వాదించడం నాకు సమ్మతం కాదు, తురాయి సంగతి పైన చెప్పియే ఉన్నాను. ఐటీ సంస్థలు తమ ప్రాంగణాలకు ఎక్కడెక్కడి నుండో ఖర్జూరపు చెట్లను లారీల మీద తెప్పించి నాటించుకుంటున్నవి. ఆ ఖర్చులో కొద్దిపాటితో గేటు బయటనున్న పాత చెట్లకు ఏడాదికొకసారి చెట్ల వైద్యం తెలిసినవారిచేత పరీక్ష చేయించవచ్చును. మన ఉద్యోగులకు ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయిస్తున్నారు గదా.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో, విశ్వవిద్యాలయం పక్కనున్న నాలుగు వందల ఎకరాలలో యంత్రాలు దిగి చెట్లు కూల్చినప్పుడు నగరమంతా మాట్లాడింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపుమన్నది. సంతోషము. కాని ఒక్కొక్కటిగా, ఒక్కొక్క అపార్టుమెంటు తీర్మానంతో పోయే చెట్లకు ఏ కోర్టూ అడ్డుపడదు. అక్కడ గోరు, చాకు, కొంత ఓపిక ఉన్న మనిషి ఒక్కడు ఉండాలి.

మా పెద్దమ్మ దురద చాలావరకు తగ్గింది. మొన్నటి ఉగాదికి ఆమె ఆ చెట్టు పువ్వునే ఎండబెట్టి ఒక పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మందు కొట్టలే డాక్టరు గారూ, నేను రోజూ కాపలా ఉన్న" అన్నది. ఈ వానలకు మళ్ళీ పై రెమ్మలు కొన్ని మాడినవట, సంఘంలో మళ్ళీ గుసగుసలు మొదలైనవట. నిన్న ఉదయం నేను వెళ్ళేసరికి ఆమె బాల్కనీ దాకా వంగిన కొమ్మను పట్టుకొని నిలబడి, గోటితో గీకిన చోటు చూపించింది. మూర కిందికి పచ్చగానే ఉన్నది.